అమ్మ అల్లిన పూసల తోరణం తెగింది, మళ్ల అల్లొచ్చా? దారం ఏది వాడాలె?

ఓరుగల్లు_పోరి
మా అమ్మ పెండ్లైన కొత్తల అల్లిన గుమ్మం తోరణం అటక మీది రేకు డబ్బాల దొరికింది. తెల్ల పూసల నడుమ ఆకుపచ్చ చిలుకలు, కింద ఎర్ర జాలరు. బయటికి తీస్తుంటేనే పుటుక్కుమని తెగి సగం పూసలు ఇల్లంత చిందినయ్, ఊడ్చి చాటల పోసుకున్న. అది మామూలు దారం కాదు, చేపల గాలానికి కడ్తరు చూడు తంగూస్, గది. ముట్టుకుంటే అప్పడం లెక్క విరుగుతుంది.

మా వదినేమో పారేయ్, ఆన్‌లైన్ల మూడొందలకు ఇంతకంటే మంచిది వస్తది అంటది. నాకు పారేయబుద్ధి అయితలేదు. అమ్మను అడిగితే ఎట్ల అల్లిన్నో నాకే యాదికి లేదు బిడ్డా అంటది. ఇప్పుడు ఏ దారం వాడాలె, డిజైన్ ఎట్ల పట్టుకోవాలె, పూసలు తక్కువ పడ్తే గా సైజువి యాడ దొరుకుతయ్? వరంగల్ చౌరస్తా దిక్కు తిరిగిన, ఏ దుక్నంల అడిగినా మగ్గం వర్క్ సామానే ముందట పోస్తున్రు.

కాజీపేట_జంక్షన్
మీ వదిన చెప్పిందే కరెక్ట్ అని రాసి తన్నులు తినే ధైర్యం నాకు లేదు. ఫోటో పెట్టు.

సూదిదారం
ముందుగాల కత్తెర దూరం పెట్టు. మిగిలిన సగాన్ని దుప్పటి మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి మీదికెల్లి ఫోటో తియ్, ఎనక దిక్కు గూడ తియ్. ఒక్క చిలుక పూర్తిగ ఉంటే చాలు, మిగతయన్ని గదే రిపీటు.

అల్లిక ఎట్లనో మా అత్త చూపించింది చెప్తున్న. దారం నడిమికి మూడు పూసలు ఎక్కిస్తవ్, నాలుగోది తీసుకొని అండ్ల నుంచి రెండు కొసలు ఎదురెదురుగ దాటిస్తవ్, కుడి చేతిది ఎడమకు, ఎడమది కుడికి. గుంజితే నాలుగు పూసలు దగ్గరికొచ్చి చిన్న చౌకం అయితది. ఆనుంచి కుడికొసకు ఒకటి, ఎడమకొసకు ఒకటి, నడుమ దాటించనీకి ఒకటి, గట్లనే పోతనే ఉంటది. రెండో వరుసల మొదటి గడి దాటినంక మీది వరుస పూస, పక్క గడి పూస ముందే ఉంటయ్ కాబట్టి కొత్తయి రెండే పడ్తయ్, ఈన్నే అందరు లెక్క తప్పుతరు. యూట్యూబ్ల రైట్ యాంగిల్ వీవ్ అని కొట్టు, మస్తు వీడియోలు ఉన్నయ్.

మంచిర్యాల_మామ
మా ఇంట్ల టీవీ మీద పూసల హంస ఉంటుండె. దాని మెడ ఎప్పుడు కిందికే, ఎవ్వలు వచ్చినా దండం పెడ్తున్నట్టే ఉండేది. గప్పట్ల ప్రతి ఇంట్ల ఒక హంస, ఒక ఏనుగు, ఫ్రిజ్ హ్యాండిలుకు ఒక తొడుగు గ్యారంటీ.

బీడ్స్_పిచ్చి
మాది విజయవాడ, మీ యాస రాదు, ఏమనుకోకండి. తంగూస్ మాత్రం మళ్లీ వద్దు. ఒంటిపోగు నైలాన్ ఎండకి పెళుసెక్కిపోతుంది, మీరు గుమ్మానికి కట్టారంటే రోజూ ఎండ పడే ఉంటుంది. నేను ఫైర్‌లైన్ వాడతాను, అది కూడా ఫిషింగ్ లైనే కానీ పాలిథిలిన్ పోగులు కలిపి చేసింది, సాగదు, పూస అంచు గీసుకున్నా తొందరగా తెగదు.

ఇక సైజు. పూసలకి నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది, కొత్తవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. 8/0 అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు, 11/0 అంటే దాదాపు 2, 15/0 అయితే చూపు కూడా ఆనదు. మీ పూసలు పది వరసగా స్కేలు మీద పేర్చి కొలవండి, ఒక్కటి కొలిస్తే తెలీదు. మియుకి, తోహో లాంటి జపాన్ పూసలు మాత్రం కొనొద్దు. చాలా మంచివే, హిరోషిమా వైపు తయారవుతాయి, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలత. అదే ఇబ్బంది, మీ పాత పూసల పక్కన పెడితే అతుకు వేసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మన దేశం పూసలో, చెక్ పూసలో అయితే కొంచెం ఎగుడుదిగుడుగా ఉండి కలిసిపోతాయి.

సూదిదారం
@బీడ్స్_పిచ్చి నైలాన్ పెళుసు అయితదనేది ఒప్పుకుంట గని ఫైర్‌లైన్ అంత రేటు పెట్టి గుమ్మం తోరణానికా? ఆ ధరకు వదిన చెప్పిన తోరణం ఒకటి వస్తది. మెలేసిన నైలాన్ దారం దొరుకుతది, దానికి తేనెమైనం రాసి వాడుర్రి, చిక్కు పడది, పూసల్ల సాఫ్‌గ పోతది.

బీడ్స్_పిచ్చి
మైనం రాస్తే దుమ్ము పడుతుంది. తెల్ల పూసలు ఏడాదికి గోధుమ రంగు.

సూదిదారం
దుమ్ము పడ్తే కడగాలె అక్కా, ఎవ్వలైనా గంతే.

మట్టెవాడ_మగ్గం
నేను మగ్గం వర్క్ చేపిస్త, ముగ్గురు కారీగర్లు ఉన్నరు. మా దగ్గర దొరికేయి కట్‌దానా, షుగర్ బీడ్స్, పైపులు, గవి బట్ట మీద కుట్టేటియి, నీ తోరణానికి పనికిరావు. పైపుల జోలికి అసలే పోకు, కొసలు బ్లేడు లెక్క ఉండి దారాన్ని కోస్తయ్, మేము పైపుకు రెండు దిక్కుల ఒక్కో చిన్న గుండ్రపు పూస వేసి కుడ్తం. నీకు కావాల్సింది గుండ్రపు సాదా పూస. హైదరాబాద్ పోతే బేగంబజార్ల తిరుగు, చాటల పోసినయి ఒక గుప్పెడు పట్కపో, రంగు దుక్నం లైటు కింద కాదు, బయట ఎండల చూసి తీసుకో.

కాజీపేట_జంక్షన్
మగ్గం వర్క్ పూసల పని కాదా అన్నా? బ్లౌజుకు పదివేలు తీసుకుంటరు గద.

మట్టెవాడ_మగ్గం
పూసల పనే, ఎవ్వలు కాదన్నరు. కాకపోతే మా దాంట్ల బట్ట ఉంటది, బట్ట మీద పూస కూసుంటది. ఆమె తోరణంల బట్ట లేదు, పూసలే ఒకదాన్నొకటి పట్కొని బట్ట అయినయ్. దారం పోయిందంటే మొత్తం పోయినట్టే. పదివేలల్ల నాకు మిగిలేది నీకు చెప్తే నువ్వే చందా ఇస్తవ్.

రాజ్‌కోట్_రిటర్న్
ఫ్యాక్టరీ పని మీద సౌరాష్ట్రల చాన ఏండ్లు ఉన్న. అక్కడ ఇంటింటికి ఇసొంటి తోరణాలే, తెల్ల నేల, మీద చిలుకలు, ఏనుగులు, మనుషులు. మోతీ భరత్ అంటరు. పెండ్లికి గోడకు కట్టే చౌకాలు, బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు, ఆఖరికి ఎద్దు కొమ్ములకు తొడుగులు గూడ పూసలతోనే. అక్కడి కాఠీ కులపోళ్ల ఇండ్లల్ల చూడాలె. మీరు చెప్పిన రెండు కొసలు దాటించే అల్లికకు దగ్గరగనే ఉంటది, గని వాళ్లది మూడేసి పూసలు పట్కొని పోతది, అందుకే దగ్గరికెల్లి చూస్తే తేనెపట్టు గళ్ల లెక్క కనిపిస్తది. పాతయి చూస్తే వెనిస్ పూసలు అంటరు, మురానో దీవిల చేసినయి, వ్యాపారులు ఓడల మీద తూర్పు ఆఫ్రికా దిక్కు నుంచి తెచ్చేటోళ్లట.

మంచిర్యాల_మామ
అంటే మా అవ్వ హంస గుజరాతీదా?

రాజ్‌కోట్_రిటర్న్
హంస సంగతి నాకు తెల్వది మామా, మెడ వంగిందంటే మీదే.

పూసలామె_మనవడు
మా నాయనమ్మ ఊరూర తిరిగి పూసలు, పిన్నులు, దువ్వెనలు, సూదులు అమ్మేది. నెత్తిన గంప, సంకల మా నాయిన. ఐనవోలు జాతర, మేడారం జాతర అంటే మాకు పంట చేతికొచ్చినట్టే. నల్లపూసలు అమ్మేటప్పుడు లెక్కపెట్టి ఇయ్యకపోయేది, చేతి వేళ్ల నడుమ దండ పట్టి ఇంత అని కొలిచేది, గాజువి ఏవి, ప్లాస్టిక్‌వి ఏవి కండ్లు మూసుకొని చెప్పేది. పెదవికి ఆనించుకుంటే గాజు చల్లగ తగుల్తది, ప్లాస్టిక్ తగలది. ఇప్పుడు అందరు సూది ఎర్రగ కాల్చి గుచ్చి చూడుమని చెప్తరు గని ఒక్క పూస ఖరాబు చేసుకునుడు ఎందుకు, పెదవే మంచిది.

@ఓరుగల్లు_పోరి నీ ఎర్ర పూసలల్ల లోపల అద్దం లెక్క మెరిసేటివి ఉంటే నీళ్లల్ల నానబెట్టకు, లోపలి వెండి పూత నల్లబడ్తది. తడి గుడ్డతోని తుడువు, గంతే.

ఓరుగల్లు_పోరి
అందరివి చదువుతున్న. పెదవి పరీక్ష చేసిన, తెల్లయి ఆకుపచ్చయి గాజే, ఎర్రయి ప్లాస్టిక్. ఎర్రయి అన్నీ కొంచెం పసుపు తిరిగినయ్ గూడ. వదిన ఇప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకొని కూసుంటున్నది, ఒప్పుకోదు గని.

రిటైర్డ్_హిస్టరీ
పెద్దపల్లి జిల్లా. కొలువంతా ఇక్కడే చేసిన. చిన్నప్పుడు ధూళికట్ట దిక్కు చేన్లల్ల వాన పడ్డంక మట్టి కడుక్కపోయి చిన్న చిన్న పూసలు తేలేటియి, పశులు కాసే పిల్లగాండ్లు ఏరుకొని దారానికి గుచ్చుకునేటోళ్లు. అవి శాతవాహనుల కాలపు ఊర్లు కద, ధూళికట్ట, పెద్దబంకూరు, గోదావరి ఒడ్డున కోటిలింగాల. పూసల్ని కండ్లార చూడాల్నంటే సంగారెడ్డి దిక్కు కొండాపూర్ మ్యూజియంకు పోండ్రి. నిజాం కాలంల 1940ల మొదట్ల అప్పటి పురావస్తు శాఖ పెద్ద యజ్దానీ గారి ఆధ్వర్యంల తవ్విండ్రు, రాతి పూసలు, మట్టి పూసలు, గాజు పూసలు ఎన్నో బయటపడ్డయ్. రాతి పూసకు బెజ్జం పెట్టుడు సులువు కాదు, రెండు దిక్కులకెల్లి తొలుచుకుంట వస్తే నడుమల కలవాలె, కలవకపోతే పూస పగులుతది. గుజరాత్ ఖంభాత్‌ల ఇప్పటికి ఎర్రరాయి పూసలు చేస్తరు, రాయిని ముందు కుండల్ల పెట్టి కాలుస్తరు, ఇనుము పాలు ఉంటది కాబట్టి కాలితే గా ఎరుపు వస్తది. హరప్పా వాళ్ల ఎర్రరాయి పూసలు ఇరాక్‌లోని ఊర్ సమాధులల్ల దొరికినయ్, అంటే నాలుగువేల ఏండ్ల కిందనే మన దిక్కు పూసలు ఓడెక్కినయ్.

ఎవ్వలకన్న చేన్ల పూసలు దొరికితే దయచేసి సెటప్ చేసి రీల్స్ చెయ్యకుండ్రి, పురావస్తు శాఖకు చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
సార్ రీల్స్ గురించి మాట్లాడిండు అంటే దునియా మారింది.

తిరుపతి_లడ్డు
ఓడల మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి చెప్తా. మా దగ్గర పాపానాయుడుపేట అని ఉంది, అక్కడ గాజు పూసలు చేసే పద్ధతి చాలా పాతది. కొలిమిలో కరిగిన గాజు ముద్దని లాడ అనే పొడుగు ఇనప గొట్టానికి చుట్టి, నడుమ బోలుగా ఉండేట్టు చేసి, ఇవతల నుంచి ఒకడు సన్నటి గొట్టంలా లాగుతానే ఉంటాడు. ఆ గొట్టాన్ని తునకలు కొట్టి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. బూడిద ఎందుకంటే బెజ్జాలు పూడిపోకుండా, తునకలు ఒకదానికొకటి అతుక్కోకుండా. అంచులు కరిగి గుండ్రమవుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన పాత పూసలు కూడా ఇట్లా గొట్టం లాగి చేసినవే. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ వీటికి ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు, ఎందుకంటే తూర్పు ఆఫ్రికా తీరం నుంచి అటు కొరియా, జపాన్ దాకా దొరుకుతాయి.

రాజ్‌కోట్_రిటర్న్
అంటే ఒకప్పుడు మన పూసలు ఆఫ్రికాకు పోయినయ్, తర్వాత వెనిస్ పూసలు ఆఫ్రికా మీదికెల్లి మనకొచ్చినయ్. మంచిగుంది లెక్క.

నైరోబీ_తెలుగోడు
మాది జనగామ, ఇక్కడ పదేండ్ల సంది ఉన్న. ఇక్కడి మాసాయి తెగ ఆడవాళ్లు కూసొని పూసలు గుచ్చుతుంటే చూడాలె, మొగోళ్లు పెట్టుకుంటరు గని అల్లేది మాత్రం ఆడవాళ్లే. మెడ చుట్టు పళ్లెం లెక్క నిలబడే హారం ఉంటది, తీగ మీద వరుసలు వరుసలు గుచ్చి, నడుమ నడుమ గట్టి పట్టీలతోని బిగిస్తరు, అందుకే అది వేలాడది, దుంకినప్పుడు మెడ మీద ఎగుర్తది. పూసలు ఎక్కువ చెక్ దేశం నుంచి వచ్చిన గాజువే. అమ్మేటోళ్లు ఎరుపు అంటే ధైర్యం, తెలుపు అంటే పాలు, నీలం అంటే ఆకాశం అని చెప్తరు, టూరిస్టులు నోట్ చేసుకుంటరు. నిజానికి ఒక్కో దిక్కు మాసాయిలది ఒక్కో రంగుల వరుస, తెలిసినోళ్లు మెడల హారం చూసి ఈమె ఏ దిక్కు మనిషో చెప్తరు.

బీడ్స్_పిచ్చి
తెల్లవాళ్లు న్యూయార్క్‌ని గుప్పెడు పూసలిచ్చి కొన్నారని స్కూల్లో చెప్పారు, పూసలకి అంత విలువ ఉండేది మరి.

రిటైర్డ్_హిస్టరీ
అది పుక్కిటి పురాణం అమ్మా. 1626ల రాసిన డచ్ ఉత్తరంల 60 గిల్డర్ల (డచ్ పైసలు) విలువకు మాన్‌హాటన్, అంటే ఇప్పటి న్యూయార్క్‌ల ఉన్న దీవి, కొన్నరని ఉన్నది, పూసల ఊసే లేదు. పూసలు తర్వాత ఎవరో కలిపిండ్రు, అక్కడి మూలవాసులు అమాయకులని చూపించనీకి. నిజానికి పూసల విలువ వాళ్లకే ఎక్కువ తెలుసు. తూర్పు తీరం తెగలు సముద్రపు గుల్లల నుంచి తెలుపు, ఊదా పూసలు చేసి వాంపమ్ పట్టీలు అల్లేటోళ్లు, ఒప్పందాలు యాదుంచుకోనీకి గా పట్టీలే దస్తావేజులు.

తండా_పిల్ల
మహబూబాబాద్ దిక్కు తండా మాది. అందరు ఆఫ్రికా అమెరికా అంటున్రు, పక్క తండా మాట ఎవ్వలు ఎత్తరు. మా నాయనమ్మ కాంచళికి, అంటే లంబాడీ రైకకు, అద్దాలు, గవ్వలు, పూసలు, పాత పైసలు అన్నీ కలిపి కుట్టుకున్నది. అంచుకు పూసలు అట్ల ఊరికే వెయ్యరు, కుట్టు మీద కుట్టు పడి బట్ట దళసరి అయినంక అంచు రాసుకొని చిరగకుంట పూసల వరుస వేస్తరు. ఫేటియా (లంగా) అంచు నేలకు తాకే దగ్గర గూడ గంతే. ఇప్పుడు తీజ్‌కు, సేవాలాల్ జయంతికి తీసి కట్టుకుంటరు, మిగతా దినాలు చీరలే.

ఒక సిటీ బుటీక్ ఆమె వచ్చి తండాల పాత కాంచళ్లు అగ్గువకు ఏరుకపోయింది. తర్వాత చూస్తే వాటిని కోసి చిన్న చిన్న పర్సులు కుట్టి ఒక్కోటి వేలకు అమ్ముతున్నది. మా చిన్నమ్మ తన అద్దాల వరుస గుర్తుపట్టింది, ఇంస్టాల.

మట్టెవాడ_మగ్గం
అమ్మినంక వాళ్ల ఇష్టం కద చెల్లె. పైసలు తీసుకున్నరు.

తండా_పిల్ల
ఎంతకు తీసుకున్నరో అడుగు అన్నా. పాత బట్ట రేటుకు. పని రేటుకు కాదు. నీ దగ్గర బ్లౌజు కొన్నామె నీకు బట్ట రేటు మాత్రమే ఇస్తే నువ్వు ఊకుంటవా?

మట్టెవాడ_మగ్గం
ఊకోను.

నైరోబీ_తెలుగోడు
గీడ గూడ గదే లొల్లి. మాసాయి డిజైన్లు కంపెనీలు వాడుకుంటయ్, అల్లినామెకు చిల్లర.

కాజీపేట_జంక్షన్
పని రేటంటే యాదికొచ్చింది, మెక్సికోల హుయ్‌చోల్ తెగ వాళ్లు 2010ల ఒక పాత బీటిల్ కారు మొత్తం పూసలు అతికిచ్చిండ్రు, 20 లక్షలకు పైన పూసలు. మామూలుగ అయితే గుమ్మడి బుర్రల మీద, చెక్క మీద మైనం రాసి పూస పూస ఒత్తి పెడ్తరట, దారం లేదు సూది లేదు. నేను మా ఆటోకు ట్రై చేద్దామనుకుంటున్న.

మంచిర్యాల_మామ
మన ఎండకు మైనం కరిగి పూసలన్ని కాజీపేట బ్రిడ్జి మీద రాల్తయ్.

ఓరుగల్లు_పోరి
అప్‌డేట్. మిగిలిన సగం భూతద్దం పెట్టి చూసిన, గ్రాఫ్ పేపర్ మీద ఒక చిలుక ఎక్కింది. ఒక ముచ్చట దొరికింది. జాలరు చివరి వరుసల ఎర్ర పూసలు అయిపోయినట్టున్నయ్, అమ్మ బాల్‌పెన్ రీఫిల్‌ను సన్నగ తునకలు కోసి పూసల జాగల గుచ్చింది! దూరంకెల్లి అస్సలు తెలుస్తలేదు. అమ్మకు చూపిస్తే నవ్వి, గప్పుడు మీ నాయిన రీఫిల్లు నేనే ఖాళీ చేసిన అన్నది, గప్పటిదాంక యాదికి లేదన్న మనిషి సూది అందుకొని నాలుగు పూసలు దాటించి చూపెట్టింది, కండ్లు కూడ పెట్టలేదు దాని మీద. వదినకు ఫుల్ షాక్.

కాబట్టి ఎర్ర ప్లాస్టిక్‌వి మొత్తం తీసేస్తున్న, కొత్త గాజువి తెస్త, తెల్ల ఆకుపచ్చ పాతయే. రీఫిల్ తునకలు మాత్రం ఉంచాల్నా వద్దా తెలుస్తలేదు.

పూసలామె_మనవడు
ఉంచు. గవి ఏ బజార్ల దొరకయ్.

బీడ్స్_పిచ్చి
ఉంచితే గాజు పక్కన తేలిగ్గా ఉండి ఆ వరస పైకి లేస్తుందండి. కిందకి బరువు ఉండాలి కదా. ఆ ఒక్క వరస విడిగా ఫ్రేము కట్టించుకోండి, తోరణంలో వద్దు.

తండా_పిల్ల
ఫ్రేమెందుకు? కింద ఒక గవ్వ కట్టు, బరువు అయితది.

ఓరుగల్లు_పోరి
గవ్వ ఐడియా మస్తుంది. ఎండ తగలని లోపలి గుమ్మానికి కడ్త, మైనం నైలాన్ తోనే మొదలు పెడ్త, ఫైర్‌లైన్‌కు బడ్జెట్ లేదు విజయవాడ అక్కా, ఏమనుకోకు.

బీడ్స్_పిచ్చి
ఏమీ అనుకోను, దుమ్ము దులిపేటప్పుడు నన్ను తలుచుకోండి చాలు.

సూదిదారం
దారం మరీ పొడుగు తీసుకోకు, రెండు చేతులు చాపినంత చాలు, ఎక్కువైతే చిక్కు పడ్తది. కొత్త దారం కలిపేటప్పుడు మూల మీద ముడి పెట్టకు, వరుస నడిమిల పెట్టు. ముడి వేసినంక కొసను ఆడనే కోసెయ్యకుండ వచ్చిన తొవ్వలనే నాలుగైదు పూసల్ల ఎనక్కి తిప్పి గప్పుడు కొయ్. గమ్ అంటిస్తనంటే సూది మొనతోని ముడి మీద ఒక్క చుక్క, పూస బెజ్జంల పోయిందంటే మళ్ల అండ్ల నుంచి దారం దాటది.